ఇస్తాంబుల్ మీదుగా సియోల్‌కు

వరదొస్తే మన నాయకులకు భూగోళం గుర్తొస్తుంది. కాలనీలో మోకాలి లోతు నీళ్లున్నప్పుడు రబ్బరు పడవలో వచ్చి చేతులు ఊపి, గట్టెక్కగానే ఏదో ఒక విదేశీ నగరం పేరు చెబుతారు. కేసీఆర్ హయాంలో హైదరాబాద్ డల్లాస్ కావాల్సింది, పాతబస్తీ ఇస్తాంబుల్ కావాల్సింది. 2024 జనవరిలో రేవంత్ రెడ్డి మూసీ కోసం లండన్‌లో థేమ్స్‌ను చూశారు. అదే ఏడాది అక్టోబరులో మంత్రులు, అధికారులు, పాత్రికేయులు కలిసి సియోల్ వెళ్లి అక్కడ బాగుచేసిన వాగును చూసొచ్చారు. తొంభైల్లో చంద్రబాబు మూసీకి పెట్టిన పథకం పేరు ఏకంగా ‘నందనవనం’. స్వర్గం నుంచి టెక్సాస్‌కు రావడమంటే ఓ మెట్టు దిగినట్టే గానీ, టెక్సాస్‌కైతే వీసా అన్నా దొరుకుతుంది.

పనులు నత్తనడక నడుస్తున్నాయని జనం తిడుతుంటారు. ఆ తిట్టులో నేను గొంతు కలపను. నిదానం నేరం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ విరుచుకుపడి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. 2020 జులైలో ఆ ఆసుపత్రి వార్డుల్లోకే మురుగునీళ్లొచ్చి, రోగులు మంచాల మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. అక్కడ టవర్లు కడతామన్న మాట అప్పటికే అయిదేళ్ల పాతది. కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన 2025 జనవరిలో జరిగింది, అదీ గోషామహల్‌లో.

1908 సంగతికొద్దాం. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. వరదకు మందుగా ఆయన ఏ పరాయి ఊరి పేరూ జపించలేదు, చెరువులు లెక్కపెట్టారు. పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయని తేల్చి, ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టమన్నారు. పిలిపించిన ఆరో నిజాం 1911లో కన్నుమూశాడు, కొడుకు గద్దెనెక్కాడు. మన ఆనవాయితీ ప్రకారం అయితే గత పాలకుడి నిర్ణయాల మీద శ్వేతపత్రం రావాలి, ఆనక విచారణ కమిషన్, ఆపైన కొత్త లోగో. అవేవీ లేకుండానే ఆ ఫైలు నడిచింది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద వచ్చిన పన్నెండేళ్లకు ఒకటి, పంతొమ్మిదేళ్లకు ఇంకొకటి. ఒకదానికి తన పేరు, రెండోదానికి కొడుకు పేరు పెట్టుకున్నాడు కాబట్టి ఆ జబ్బు ఏడో నిజాముకూ ఉన్నట్టే. కాకపోతే ఆయన జలాశయం కట్టి పేరు పెట్టాడు, మనవాళ్లు పేరు పెట్టి చెరువు పూడుస్తారు. (రాజరికాన్ని పొగుడుతున్నానని ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. ఓటు లేని రోజుల్లో అయిన పని ఓటున్న రోజుల్లో కాకపోవడమే నా ఏడుపు.)

మనకు నివేదికలు లేక కాదు. 2000 ఆగస్టులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడి బేగంపేట మునిగాక కిర్లోస్కర్ కన్సల్టెంట్స్‌కు పని అప్పజెప్పారు. 2003లో వాళ్లు నివేదిక ఇచ్చారు. నాలాలు వెడల్పు చేయండి, ఆక్రమణలు తీయండి అన్నది అందులో సారం. జీహెచ్‌ఎంసీ ఏర్పడి ఊరు పెద్దదయ్యాక మిగతా ప్రాంతానికి మరో సంస్థతో మరో అధ్యయనం. నాలాల మీద ఇళ్లు మాత్రం ఏ అధ్యయనమూ లేకుండానే లేచాయి.

ఇక 2020 అక్టోబరు. చెరువుల కట్టలు తెగి ఇళ్లకు ఇళ్లు మునిగాయి. టోలీచౌకి నదీమ్ కాలనీలో రోజుల తరబడి, జల్‌పల్లి దగ్గర ఉస్మాన్‌నగర్‌లో నెలల తరబడి నీళ్లు కదల్లేదు. సర్కారు ఇంటికి పదివేలంది. మొదట చేతికే నోట్లిచ్చారు. మధ్యలో కొన్ని నోట్లు చేతులు మారాయన్న గోల లేచాక మీ-సేవకు వెళ్లమన్నారు. తడిసి ఉబ్బిన ఆధార్ కార్డుకు జిరాక్సు తీయించుకుని ఆడవాళ్లు తెల్లవారకముందే వరసల్లో నిలబడ్డారు. అంతలో బల్దియా ఎన్నికల నోటిఫికేషన్ వచ్చి, నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపేయమంది. అసలు పాట అప్పుడు మొదలైంది. బీజేపీ పాతికవేలంది, కాంగ్రెస్ యాభైవేలంది. నాలా వెడల్పు మీద అడుగో అరడుగో పాట పెంచిన మొనగాడు మాత్రం కనబడలేదు.

ఎన్నికలయ్యాక 2021లో నాలాలకోసం ఎస్‌ఎన్‌డీపీ అన్నారు, తొలి విడతకు 985 కోట్లు. కొన్నిచోట్ల పని జరిగిన మాట నిజం, కాదనను. ప్రభుత్వం మారింది. హైడ్రా అనే సంస్థ వచ్చింది, హెచ్‌-సిటీ అనే పథకం వచ్చింది, మూసీకి లక్షన్నర కోట్లన్న అంకె వచ్చింది. అధికారం మారినప్పుడల్లా వరద పనికి మళ్లీ బారసాలే.

వీటన్నిటికన్నా నాకు ముచ్చటగొలిపేది 111 జీవో కథ. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ కాంక్రీటు పెరగకుండా 1996లో పెట్టిన కట్టడి అది. నగరానికి ఆ నీళ్లతో ఇక అవసరం లేదు కాబట్టి జీవోకూ కాలం చెల్లిందని 2022లో కేసీఆర్ సాక్షాత్తూ శాసనసభలోనే సెలవిచ్చారు. 2023 మేలో మంత్రివర్గం దాన్ని ఎత్తేయాలని నిర్ణయించింది. ఎండాకాలం పోయింది కదా అని గొడుగు పారేసినట్టు! అవి కట్టిందే వరదను ఆపడానికయ్యా. మంచినీళ్లు కొసరు.

2025 సెప్టెంబరులో ఆ రెంటి గేట్లూ ఎత్తితే, మూసీ నడిగడ్డ మీద కట్టిన ఎంజీబీఎస్ బస్టాండులోకి నది నడిచొచ్చింది. ప్రయాణికులను రాత్రికి రాత్రే బయటికి తరలించారు. తర్వాత ఎవరిని ఎవరు తిట్టారో చెప్పనక్కర్లేదు.

వచ్చే బల్దియా ఎన్నికలకు నాదొక చిన్న కోరిక. ప్రతి పోలింగ్ బూతు గోడ మీద రెండు అంకెలు పెయింటుతో రాయించండి: ఆ వార్డు నాలా ఎంత వెడల్పుండాలని నివేదిక చెప్పింది, ఇప్పుడెంత ఉంది. బరిలో దిగేవాళ్లు మెడలో దండ వేయించుకునే ముందు, జనం చూస్తుండగా నాలాలో దిగి టేపు పట్టి కొలవాలి. టేపు రెండో కొస పట్టుకోవడానికి సిట్టింగ్ కార్పొరేటర్‌ను పిలవండి.