నాలుగో బోరు

మూడో బోరు వేసేటప్పుడు మా అన్నకు ఒక మాట చెప్పాను. నాలుగో బోరు వేసేటప్పుడు ఇంకో మాట చెప్పాను. మధ్యలో ఇరవై రోజులు కూడా లేవు. ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. వాళ్లకు తట్టకపోవడం తప్పు కాదు. నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి. ఏటా జూలైలో మొదటి సెమిస్టర్ పిల్లలకు నేను మొదలుపెట్టే పాఠమే ప్రాబబిలిటీ.

మాది పావగడ తాలూకా. పేరుకు తుమకూరు జిల్లా అయినా మ్యాపులో చూస్తే చుట్టూ ఆంధ్రే. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ కలిపి. ఊళ్ల పేర్లేమో బలసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు. పేర్ల నిండా చెరువులే, నీళ్లు మాత్రం పేర్లలోనే మిగిలాయి. ఇప్పుడా ఊళ్ల పొలాల్లో పరుచుకున్నవి సోలార్ పలకలు. పదమూడు వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు, 2018లో మొదలై 2019 ఆఖరుకు పూర్తయింది. భూమి ఇచ్చినవాళ్లకు ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలతో కౌలు మొదలుపెట్టి, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంచుతామన్నారు. వాన పడినా పడకపోయినా అదే దుడ్డు. మా పాఠంలో దీన్ని 'వేరియన్స్ సున్నా' అంటాం. మా పొలం సోలార్ పార్కు గీతకు బయట పడింది. మాకు మిగిలింది చెనక్కాయ, మబ్బులు, నాయన కాలంలో వేసి ఎండిపోయిన ఒక బోరు.

కొత్త బోర్లు మొదటిది 420 అడుగులు, రెండోది 560. రెండిట్లోనూ పౌడరే. మా కిందంతా బండ. నీళ్లు బండలో ఉండవు, బండ పగుళ్లలో ఉంటాయి. పగులు తగిలితే ఇంచో రెండించులో నీళ్లు, తగలకపోతే తెల్లటి పిండి.

అప్పుడు అన్న అన్నాడు: "ఇంగ సాలురా. రెండుసార్లు చూస్తిమి. ఈడ లేవని నేల చెప్తాంది గదా."

"నాణేనికి జ్ఞాపకం ఉండదన్నా" అన్నాను నేను, క్లాసులో చెప్పే గొంతుతోనే. "రెండుసార్లు బొరుసు పడిందని మూడోసారి దానికి గుర్తుంటుందా? ఏ బోరు లెక్క దానిదే."

అన్న చదివింది ఏడో తరగతి. "ఏమోప్పా, సదువుకున్నోడివి" అని ఊరుకున్నాడు.

ఇక్కడ నా మొదటి మూర్ఖత్వం. నాణేనికి జ్ఞాపకం లేదన్నది నిజమే, కానీ బండ నాణెం కాదు. మూడు బోర్లూ ఒకే తొమ్మిదెకరాల్లో, ఒకే బండ పలక మీద. రెండు చోట్ల పగులు తగల్లేదంటే మూడో చోట తగిలే అవకాశం ఎంతో కొంత తగ్గినట్టే. మూటలో చెయ్యి పెట్టి తీసిన రెండు పిడికిళ్లలోనూ తాలుకాయలే వస్తే, మూట మీద అనుమానం పెరగాలి కదా. మా పుస్తకాల్లో దానికి బేయస్ పేరుతో ఒక సిద్ధాంతమే ఉంది. అన్న దాన్ని పేరు లేకుండా చెప్పాడు. నేను అడ్డుకొట్టాను.

అసలు బోరు పడే అవకాశం ఎంతని నేను పెట్టుకున్నానో అదీ చెప్పుకోవాలి. పదికి మూడు. ఆ మూడు ఎక్కడిదంటే, ఊళ్లో టీ అంగడి దగ్గర ఒక పొద్దున పదిమందిని అడిగాను. ముగ్గురు పడిందన్నారు, ఏడుగురు పోయిందన్నారు. అంతే, 0.3 అని రాసేసుకున్నాను.

ఇది ఎంత సిగ్గుచేటో తెలియాలంటే నా క్లాసు చూడాలి. ఏటా ఇంటి నుంచి ఒక గోతం చెనక్కాయలు తీసుకుపోతాను. నలభైమంది పిల్లలు తలా పది కాయలు తీసి, వొలిచి, తాలుకాయలెన్నో చెప్తారు. ఒకడికి ఒక్కటీ రాదు, ఇంకో పాపకు ఐదు వస్తాయి. బోర్డు మీద ఒక్కొక్కరి లెక్కకు ఒక చుక్క పెడతాను. రెండు అన్న అంకె దగ్గర చుక్కలు గుట్టగా లేస్తాయి, అటూ ఇటూ పలచబడతాయి. గోతం ఒకటే, శాంపిళ్లే మారుతున్నాయి. శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ అంటే ఆ గుట్టేనని చెప్తాను. తర్వాత పది బదులు నలభై కాయలు తీయించి, తాలుకాయల శాతాన్ని చుక్కలుగా పెడతాను. గుట్ట సన్నబడుతుంది. శాంపిల్ నాలుగింతలైతే చెదురు సగమవుతుంది, నాలుగోవంతు కాదు, జాగ్రత్త అని హెచ్చరిస్తాను. పీరియడ్ అయ్యేసరికి శాంపిళ్లన్నీ పిల్లల నోళ్లలోకి పోతాయి.

టీ అంగడి లెక్కకు అదే సూత్రం వేస్తే? పదిమందిలో 0.3 అంటే స్టాండర్డ్ ఎర్రర్ 0.145. అటు రెండింతలు, ఇటు రెండింతలు పోతే అసలు సంగతి నూటికి ఒకటి కావచ్చు, అరవై దగ్గరా కావచ్చు. అంటే నాకేమీ తెలియదని అర్థం. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి ఫోటో మా డిపార్ట్‌మెంటులో పెట్టించింది నేనే. 1920లో ఇప్పటి కర్ణాటకలోని హూవిన హడగలిలో పుట్టిన తెలుగాయన, మనవాడేనని పిల్లలకు గొప్పగా చెప్తాను. పక్షపాతం లేకుండా అంచనా వేసే పద్ధతి ఎంత తెలివైనదైనా, దాని చెదురు ఒక హద్దుకన్నా తగ్గదని ఆయన 1945లో నిరూపించాడు. శాంపిల్లో ఉన్న సమాచారమే ఆ హద్దును తేలుస్తుంది. టీ అంగడి పదిమందిని నేను ఆ హద్దు దాటించి పిండాలని చూశాను.

పోనీ ఆ పదిమందైనా సరైనవాళ్లా? బోరు పోయి అప్పులపాలైనవాళ్లలో చాలామంది బెంగళూరులో సెంట్రింగ్ పనుల్లో ఉన్నారు. పొద్దున్నే మా టీ అంగడికి వచ్చేవాళ్లు కారు. దీనికి స్టాండర్డ్ ఎర్రర్ సూత్రం కూడా అక్కరకు రాదు. వెయ్యిమందిని అడిగినా, ఆ అంగడి దగ్గరే అడిగితే అదే తప్పు వెయ్యిసార్లు వస్తుంది.

పాయింటు పెట్టడానికి టెంకాయ ఆయన వచ్చాడు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టి చేను చుట్టూ నడిచాడు. గట్టు పక్కన అది లేచి నిలబడింది. "నా చేతిమీద నూటికి పైగా పడినాయి సార్" అన్నాడు. పోయినవెన్ని అని అడిగాను. "పోయినోళ్లు నాకెందుకు చెప్తారు సార్" అన్నాడు అమాయకంగా. ఎంత కచ్చితమైన జవాబు! లోపల నవ్వుకున్నాను. టీ అంగడి లెక్క జేబులో పెట్టుకుని ఆయన్ను చూసి నవ్వినవాణ్ణి నేను.

మూడోది 700 అడుగులు పోయింది. పౌడర్.

నాలుగోదానికి నేనే ముందుపడ్డాను. పావగడ నుంచి వస్తూ బస్సు టికెట్ వెనక లెక్క వేశాను. ఒక బోరు పోయే అవకాశం 0.7. నాలుగూ పోయే అవకాశం 0.7ను నాలుగుసార్లు హెచ్చిస్తే 0.24. అంటే నాలుగింట్లో ఒక్కటైనా పడే అవకాశం 76 శాతం! టికెట్ అన్నకు చూపించాను. "మూడు పోయినాయి కాబట్టి ఇప్పుడు పడాల్సిందే అన్నా. లెక్క అట్లుంది."

లెక్కలో తప్పు లేదు. మొదటి బోరు వేయకముందైతే అది 76 శాతమే. మూడు పోయాక ఆ మూడింటి అవకాశం ఖర్చయిపోయింది. మిగిలింది ఒక్క బోరు, దాని 0.3, అదీ నా టీ అంగడి 0.3. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో జూదశాలలో రులెట్ గుండు వరసగా ఇరవై ఆరుసార్లు నలుపు మీదే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని జనం ఉన్నదంతా ఒడ్డి పోగొట్టుకున్నారు. ఈ కథ చెప్పి ఏటా పిల్లలతో కలిసి నవ్వుతాను. వాళ్లు కనీసం ఒకే తప్పు పట్టుకుని నిలబడ్డారు. నేను మూడో బోరుకు 'నాణేనికి జ్ఞాపకం లేదు' అని, నాలుగోదానికి 'ఉంది' అని వాదించాను. నాకు కావలసింది లెక్క కాదు, బోరు. దానికి ఏ సూత్రం అడ్డు రాకుంటే ఆ సూత్రం.

ఊరట కోసం వెతికితే ఒకటి దొరికింది. 1971లో ట్వర్‌స్కీ, కానెమన్ అనే ఇద్దరు, స్టాటిస్టిక్స్ బాగా చదువుకున్న మనస్తత్వ శాస్త్రజ్ఞులనే ప్రశ్నలడిగి చూశారు. చిన్న శాంపిల్ను పెద్దదానిలా నమ్మే జబ్బు వాళ్లలోనూ ఉందని తేలింది. చదివి రెండురోజులు హాయిగా ఉన్నాను. మూడోరోజు గొలుసు మీద తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టే తేదీ వచ్చింది. గొలుసు మా ఆవిడది.

నాలుగో బోరు వేసిన రాత్రి, తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరుబండి గట్టు పక్కన నిలిచింది. టెంకాయకు దండం, నిమ్మకాయకు దండం. వంద అడుగుల దాకా ఎర్రమట్టి, తర్వాత బూడిదరంగు, తర్వాత తెలుపు. వదిన తలగుడ్డ, అన్న మీసాలు, పక్కనున్న కానుగచెట్టు అన్నీ తెల్లబడ్డాయి. 610 దగ్గర పిండి ముద్దగా వచ్చింది. అన్న చేతిలోకి తీసుకుని పిసికి చూశాడు. తడి! అందరం అరిచాం. నేను ఆ క్షణంలో 76 శాతాన్ని కళ్లారా చూశాను. రెండు పైపులు దిగేసరికి మళ్లీ పొడి. "ఇంకా పోవాలా సార్?" అని డ్రైవర్ వచ్చీరాని కన్నడంలో అడిగిన ప్రతిసారీ ఇంకో పైపు అన్నాను. 850 దగ్గర ఆపిందీ నేను కాదు, అన్న.

తెల్లవారుజామున బండి పోయింది. చెవుల్లో ఇంకా హోరు. అన్న కేసింగ్ పైపు పక్కన గొంతుక్కూర్చుని, లోపలికి ఒక చిన్న రాయి వేసి విన్నాడు. చాలాసేపు విన్నాడు.

"ఒరే, ఐదోది వేస్తే ఎంతొస్తాదిరా నీ లెక్క?"

"ఎనభై మూడు" అన్నాను. ఆలోచించి చెప్పింది కాదు, నోరు చెప్పేసింది.

అన్న ఇంకేమీ అనలేదు. గట్టు మీదున్న బండరాయిని దొర్లించుకొచ్చి పైపు మూతికి అడ్డం పెట్టాడు.