బామ్మర్ది లేనిదే బండెక్కొద్దు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి బండలెక్కడం నేర్చుకోవాలని బయల్దేరే పిల్లలు మొదట అడిగేది ఏ బూట్లు కొనాలి, ఏ తాడు కొనాలి అని. ఆ సంగతి తర్వాత చూద్దాం. మీరు పడితే మీ అంత నష్టపోయే మనిషి ఎవరో ముందు ఆలోచించుకుని, తాడు ఆ మనిషి చేతికివ్వండి. అనుభవం లేకపోయినా ఇవ్వండి. ఆటలో ఆరితేరిన స్నేహితుడి కంటే ఏమీ తెలియని బామ్మర్ది మేలని నా గట్టి నమ్మకం.

ఈ మాటకు శిక్షకులు ఒప్పుకోరు. కానీ నల్లమలలో తరతరాలుగా నడిచిన పద్ధతి ఇదే. అమ్రాబాద్ గుట్టల అంచుల్లో కొండ తేనెటీగలు పట్టు పెట్టేది నిలువు చరియల మీద. చెంచులు పైనుంచి తాడు మీద దిగి, పొగబెట్టి, ఆ పట్టు కోస్తారు. దిగినవాడి తాడు పైన పట్టుకుని కూర్చునేది అతని భార్య తోడబుట్టినవాడు. బావకు ఏమైనా అయితే తన అక్కో చెల్లెలో సంసారం కూలిపోతుంది కాబట్టి అతని చెయ్యి సడలదు. బావ బాగు కోరేవాడు బామ్మర్ది అని మనం పెళ్లి పందిట్లో అనుకునే మాట, అక్కడ లోయ అంచున ప్రాణానికి పూచీ.

తాడు పట్టే పని నేర్పొచ్చు. తాడును బిగబట్టి ఆపే బిలే పరికరంలోంచి అది ఎలా వెళ్తుందో, కిందికి పట్టుకున్న చెయ్యి తాడును ఒక్క క్షణం కూడా ఎందుకు వదలకూడదో చూపించండి. మీ బరువున్న ఇసుక బస్తాను తాడుకు కట్టి పైనుంచి వదిలి ఆపమనండి, మళ్లీ మళ్లీ, అతని చేతికి అలవాటయ్యేదాకా. గోడకు దగ్గరగా, కానీ మీ కింద కాకుండా కాస్త పక్కగా నిలబడమనండి; రాయి జారితే పడేది సరిగ్గా మీ కిందే. హెల్మెట్ అతనికీ ఉండాలి. బయల్దేరేముందు మీ ముడి అతను, అతని పరికరం మీరు చూడాలి. ఇదంతా నేర్పితే వస్తుంది. మీరు రెండు మీటర్లు ఎక్కగానే అతని గుండెలో మొదలయ్యే ఆ గుబులు మాత్రం ఎవరూ నేర్పలేరు. పెళ్లికానివాళ్లకు అన్నో అక్కో ఉంటారు. అమ్మాయిలకు వదిన ఉంటే ఇంకా మంచిది.

రెండో మాట: కండబలం ఉన్నవాళ్లు దాన్ని నేలమీదే వదిలి రండి. బండ నెర్రెలో గట్టిగా పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అరచేతిని చాచి, బొటనవేలు పైకి ఉండేలా నెర్రెలోకి పోనిచ్చి, ఆ వేలిని అరచేతిలోకి ముడవాలి. బొటనవేలి కింది కండ ఉబ్బి, చెయ్యి రెండు గోడల మధ్య బిగుసుకుంటుంది. కుండలో పల్లీలు పట్టుకున్న కోతి పిడికిలి మెడ దగ్గర ఆగిపోయినట్టే. ఆ తర్వాత లాగాల్సిన పని లేదు, వేలాడటమే. మోచెయ్యి చాపి, బరువు ఎముకల మీదికి వదిలేయండి. మొదట్లో చెయ్యి నొప్పి పుట్టొచ్చు. చేతి వెనక చర్మానికి టేపు చుట్టుకోండి.

పాదం ఇంకా వింతగా ఉంటుంది. మోకాలిని పక్కకు తిప్పి, బొటనవేలు పైకొచ్చేలా పాదాన్ని అడ్డంగా దూర్చి, మోకాలిని తిరిగి నిటారుగా తెస్తే పాదం మెలిపడి అతుక్కుంటుంది. లేచి నిలబడండి. చేతులతో ఎక్కేవాడు పది మీటర్లకే అలసిపోతాడు. పాదాలతో ఎక్కేవాడికి చేతులు పడిపోకుండా ఆపుకోవడానికి మాత్రమే. మన వైపు బస్తాలు మోసి, బావులు తవ్వి కాళ్లు గట్టిపడ్డవాళ్లు ఈ పని జిమ్ముకెళ్లే వాళ్లకంటే తొందరగా నేర్చుకుంటారని నాకనిపిస్తుంది.

మూడోది పరికరాల గురించి. నెర్రెలో ఇరికించే లోహపు నట్లు, స్ప్రింగుతో విచ్చుకునే కామ్‌లు కొన్నాక మొదటి సీజనంతా నేలమీదే నిలబడి పెట్టండి, తీయండి. ఎక్కొద్దు. కాలయాపన అని వెక్కిరిస్తారు, వెక్కిరించనివ్వండి. నట్టు పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉన్న చోట కూర్చోవాలి. కామ్ సగం ముడుచుకున్న స్థితిలో, నాలుగు రెక్కలూ రాతిని తాకుతూ ఉండాలి. పూర్తిగా ముడిస్తే ఊడిరాదు, పూర్తిగా విచ్చుకుంటే ఆగదు. ఆఖరి కామ్‌కు రెండు మీటర్ల పైన పట్టు జారితే, నాలుగు మీటర్లు పడతారు. తాడు సాగేది కూడా దానికి కలపండి. తాడు సాగేదే అయ్యుండాలి. బావి దగ్గరి సాగని తాడు తెస్తే ఆ దెబ్బంతా మీ నడుము మీదే పడుతుంది.

మేకులు మాత్రం కొట్టకండి. అమెరికాలోని యోసెమిటీ లోయలో ఉక్కు మేకులు కొట్టీ పీకీ నెర్రెలు చితికిపోయాక, ఆ మేకులు తయారుచేసి అమ్ముకునే ఈవాన్ షూయినార్డ్, టామ్ ఫ్రాస్ట్‌లే 1972లో తమ కేటలాగ్‌లో వాటిని మానేసి చేత్తో పెట్టి చేత్తో తీసే నట్లు వాడమని రాశారు. ఆ తర్వాత రే జార్డిన్ రూపొందించిన కామ్‌లు 1978లో అంగట్లోకి వచ్చాయి. సొంత వ్యాపారానికి ఎదురు నిలిచిన ఆ నిర్ణయం మీద నాకు చాలా గౌరవం ఉంది. అది మన బండలకూ వర్తించాలి. ఖిల్లా ఘనపూర్ కోట గోడల రాళ్ల మధ్య కామ్ పెట్టడం కూడా నేరంగానే చూస్తాను నేను. కట్టిన రాయి వేరు, పుట్టిన బండ వేరు.

ఎక్కడ ఎక్కాలో చెప్పే ముందు ఎక్కడ ఎక్కకూడదో చెప్తాను. మన జిల్లాల్లో అన్నింటికంటే అందమైన చరియలున్న సలేశ్వరం లోయకు పరికరాలు తీసుకుపోవద్దు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులు మాత్రమే జనాన్ని పోనిస్తారు. ఆ రోజుల్లో లింగమయ్య దగ్గరికి చెప్పుల్లేకుండా చరియ అంచు దారిన వరుసలో దిగండి. పొరలు పొరలుగా ఉన్న ఆ రాయి ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ పలక లేచి ఉందో మీ అరచేతికి తెలుస్తుంది. ముందువాళ్లు కదిపిన రాయి ఎటు పోతుందో చూడండి. అక్కడి జలపాతం దగ్గర గొంతు చించుకున్నా వినపడదు కాబట్టి, తాడు ఎన్నిసార్లు గుంజితే ఏమని అర్థమో ముందే మాట్లాడుకోవాలని అక్కడే బోధపడుతుంది.

నేర్చుకోవడానికి భువనగిరి వెళ్లండి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌ల మొదటి పాఠాలు అక్కడి ఏకశిల మీదే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. తిరిగొచ్చాక గద్వాల వైపు నడిగడ్డ గుండ్ల మీద, అనుమతి ఉన్న చోట, సాధన చేయండి. ఎక్కేముందు పిడికిలితో బండను తట్టి వినండి. బోలుగా మోగితే ఆ పలక వెనక ఏమీ పెట్టొద్దు.

తూర్పు ముఖం చరియకు తెల్లారకముందే బయల్దేరమని అందరూ చెప్తారు. నేను మధ్యాహ్నం దాకా పడుకోమంటాను, పుష్య మాసంలో అయితే. ఎండ వెనక్కి తిరిగాక రాయి చల్లబడుతుంది, చేతికి చెమట పట్టదు. దీపాలు మాత్రం మర్చిపోవద్దు. పైన తేనె పట్టు కనిపిస్తే, అది ఎంత గొప్ప నెర్రె అయినా, ఆ రోజుకు వదిలేయండి. చెంచులు పైనుంచి, పొగతో వస్తారు. మీరు కిందినుంచి, చేతులు రెండూ రాతిలో ఇరికించుకుని వస్తారు.

పైకి చేరాక బామ్మర్దిని ఎక్కించండి. మీరు పెట్టిన కామ్‌లు ఒక్కొక్కటే తీసుకుంటూ వస్తాడు. ఏది గట్టిగా ఉందో, ఏది వేలితో ఊడొచ్చిందో అతనికే తెలుసు, మీకు తెలియదు. అన్నీ అడిగి, ఊడొచ్చినవి ఏ కొలతవో రాసుకోండి. తర్వాతిసారి అతన్ని ముందు ఎక్కనివ్వండి. తాడు మీరు పట్టండి.