ఎబెట్స్ ఫీల్డ్ స్మరణకు టీకా తాత్పర్యం

మూలం: “ఎబెట్స్ ఫీల్డ్‌లో ఆట చూడనివాడికి బేస్‌బాల్ తెలియదు. ఆఖరి రోజున మేమూ అక్కడే ఉన్నాం.”

అవతారిక: న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో 1913లో తెరిచిన ఈ మైదానం డాడ్జర్స్ జట్టుకు సొంత గడ్డ. 1957తో వారి ఆట అక్కడ ముగిసింది. 1960లో కట్టడం పడగొట్టడం మొదలైంది. పై వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు. బ్రూక్లిన్ పెద్దమనుషులు ఆట ప్రస్తావన రాగానే కళ్లు సగం మూసి దీన్ని పఠిస్తారు. వినేవాడు చిన్నవాడైతే రెండుసార్లు. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఈ వ్యాఖ్యకు అటువంటి నియమం లేదు.

ప్రతిపదార్థం: ఎబెట్స్ ఫీల్డ్‌లో = జట్టు యజమాని చార్లెస్ ఎబెట్స్ కట్టించిన, సుమారు 32,000 మందికీ 700 కార్లకూ చోటున్న మైదానంలో; ఆట = స్తంభం అడ్డు రానంత మేరకు కనిపించిన ఆట; చూడనివాడికి = ఆలస్యంగా పుట్టినవాడికి; తెలియదు = తెలియకూడదు. బేస్‌బాల్ = స్పష్టం.

తాత్పర్యం: పఠించేవాడు ఒకప్పుడు కుర్రవాడు.

విశేషం: కుడివైపు గోడకు స్కోరుబోర్డు, దాని నెత్తిన షేఫర్ బీరు ప్రకటన. బ్యాటరు కొట్టిన దెబ్బ బలంతోనే బేస్ చేరితే హిట్. అందాల్సిన బంతిని ఫీల్డరు చేజారిస్తే ఎర్రర్. ఏది ఏదో తేల్చేది అధికారిక స్కోరరు. ఆ తీర్పు షేఫర్ పేరులోనే వెలిగేది: హిట్‌కు ‘హెచ్’, ఎర్రర్‌కు ‘ఈ’. ఇది శ్లేష. పింగళి సూరన రాఘవపాండవీయంలో రామకథనూ భారతకథనూ ఒకే పద్యంలో నడిపాడు. షేఫర్ వారు వ్యాపారాన్నీ స్కోరునూ ఒకే మాటలో నడిపారు. సూరన రెండో అర్థం అందాలంటే టీక కావాలి, ఇక్కడ కరెంటు చాలు. పూర్వపక్షం: ఇంగ్లీషులో ఆ పేరుకు ‘హెచ్’ ఒకటే, ‘ఈ’లు రెండు, కనుక కవి పక్షపాతం తప్పులవైపే. సిద్ధాంతం: ఆ జట్టును సొంత అభిమానులే ‘బమ్స్’ అని, అంటే పనికిమాలినవాళ్లని, ముద్దుగా పిలిచేవారు. కనుక ఔచిత్యభంగం లేదు.

బోర్డు అడుగున బట్టల వ్యాపారి ఏబ్ స్టార్క్ ప్రకటన ఉండేది: బంతితో దీన్ని కొట్టినవాడికి సూటు ఉచితం. దాని ముందు కాపలా కాసినట్టు రైట్ ఫీల్డర్ కార్ల్ ఫురిల్లో నిలబడేవాడు కనుక దుకాణం మునగలేదు. స్టార్క్ తర్వాత బ్రూక్లిన్ బరో అధ్యక్షుడయ్యాడు. యశస్సు, అర్థం కావ్యప్రయోజనాలని లాక్షణికులు ఊరికే అనలేదు.

ఇక రెండో వాక్యం. ఆఖరి రోజున = 1957 సెప్టెంబర్ 24న, పిట్స్‌బర్గ్‌పై 2–0తో గెలిచిన ఆటకు; మేమూ = వచ్చిన 6,702 మందిమి. పాతికవేల కుర్చీలు ఖాళీ. ఇవాళ ‘మేమూ’ అనేవారందరినీ కూర్చోబెడితే అవి చాలవు. ఇది అతిశయోక్తి అని వదిలేద్దామంటే కుదరదు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ వర్ణనిషేధాన్ని బద్దలుకొట్టిన 1947లో ఏడాది మొత్తానికి 18 లక్షల మంది వచ్చారు. బ్రూక్లిన్ తన ఏకైక వరల్డ్ సిరీస్ గెలిచిన 1955లో వచ్చింది 10 లక్షల చిల్లర. గెలుస్తున్న జట్టును ఇంట్లో టీవీలో చూసి, వెళ్లిపోయిన జట్టు కోసం జీవితమంతా ఏడవడం కరుణరసం కాదు, రసాభాస.

యజమాని వాల్టర్ ఓమాలీ కొత్త స్టేడియానికి బ్రూక్లిన్‌లోనే స్థలం అడిగాడు. నగర నిర్మాణాలను శాసిస్తున్న రాబర్ట్ మోజెస్ క్వీన్స్‌లో చూపించాడు. 1958కి జట్టు లాస్ ఏంజెలెస్‌లో ఉంది. మూలంలో ఈ ఇద్దరి పేర్లూ అధ్యాహారం, శాపనార్థాలతో పూరించుకోవాలి. ఖాళీ కుర్చీల ఊసు అధ్యాహారంలో కూడా రాదు.

అక్కడే = బేస్‌బాల్ బంతిలా రంగు వేసిన ఇనుపగుండుతో గోడలు కూల్చినచోట. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు. పాత ముఖద్వారాన్ని పోలినదాన్ని 2009లో క్వీన్స్‌లోని సిటీ ఫీల్డ్ స్టేడియానికి పెట్టారు. అక్కడ ఆటకు అడ్డుగా పాతకాలపు స్తంభాలు లేవు. పఠించేవారు దాన్నీ లోటుగానే లెక్కేస్తారు.