జమాబందీ లేని ఔట్‌లుక్

నర్సీపట్నంలో మనిషి తన పనులు మరిచిపోవడం అంత తేలికేమీ కాదు. ప్రీమియం గడువు దగ్గరపడితే ఎల్‌ఐసీ ఏజెంటుగారు అబీద్ సెంటర్లో ఎదురుపడతారు. ముందు పిల్లల చదువులు అడుగుతారు, తర్వాత ఆరోగ్యం అడుగుతారు, ఆరోగ్యం మీదుగా మెల్లగా పాలసీలోకి దిగుతారు. చీటీ పాట ఎప్పుడో చీటీ నడిపే ఆవిడ పెరటి గోడ మీంచే కేకేసి చెబుతుంది. పెళ్లి పిలుపుకొచ్చిన వాళ్లు బొట్టు పెట్టి ఊరుకోరు, ముందురోజు ఫోన్ చేసి "ఏటి, వస్తన్నారా లేదా?" అని నిలదీస్తారు. ఇంత పకడ్బందీ ఏర్పాటున్న ఊళ్లోనూ చదువుకున్నవాళ్లు ఇప్పుడు ఈమెయిల్ సాఫ్ట్‌వేర్లో క్యాలెండర్ తెరిచి, ప్రీమియానికో రిమైండరు, చీటీకో రిమైండరు, పెళ్లికి రెండు రిమైండర్లు పెట్టుకుంటున్నారు. పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. పెట్టుకోగానే పనైపోయినట్టు ఊపిరి పీల్చుకోవడంలోనే ఉంది తిరకాసు. గుర్తుచేయడంలో బలమంతా గుర్తుచేసే మనిషిది. మనిషిని తీసేసి గంట ఒక్కటే ఉంచితే, ఆ గంట మోగిన ప్రతిసారీ మనం పని చేయకుండా ఉండటాన్ని సాధన చేస్తాం. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి సాక్ష్యం.

ముందు ముద్దాయిని దగ్గరగా చూద్దాం. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఔట్‌లుక్‌ని 1997 జనవరిలో లోకం మీదికి వదిలారు. ఉత్తరాలు, క్యాలెండరు, చేయాల్సిన పనుల పట్టిక, అన్నీ ఒకే కిటికీలో. ఏదైనా సమావేశం రాసుకుంటే, మనం వేరే చెప్పకపోతే, పదిహేను నిమిషాల ముందు గంట కొడుతుంది. సమావేశం పక్క గదిలో ఉండే దేశం వాళ్లు ఖాయం చేసిన పదిహేను నిమిషాలవి. నర్సీపట్నం ఆసామికి పదిన్నరకి అనకాపల్లి కలెక్టరేట్లో సమావేశం ఉందనుకోండి, బస్సులో గంటకు పైనే పడుతుంది. పదింబావుకి మోగే గంట అతనికి హెచ్చరిక కాదు, పరామర్శ. మోగాక ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో పనుల పేర్లు, ఒక్కోదాని ఎదురుగా అది ఎన్నాళ్లు మురిగిందో లెక్క: "రెండు రోజులు ఓవర్‌డ్యూ", "మూడు వారాలు ఓవర్‌డ్యూ". కింద స్నూజ్ మీట. దాని పక్కన ఐదు నిమిషాలతో మొదలై రెండు వారాల దాకా సాగే వాయిదాల చిట్టా. మరోపక్క "డిస్మిస్ ఆల్" అనే బ్రహ్మాస్త్రం. పని చేయమని చెప్పడానికి ఒకే ఒక్క గంట, చేయకుండా ఉండటానికి ఇన్ని సదుపాయాలు! ఏ కోర్టులోనూ ఇంత ఉదారంగా వాయిదాలు దొరకవు.

ఇదంతా అమెరికా నుంచి దిగిన కొత్త విద్య అనుకునేవాళ్లు ఒకసారి మన రెవెన్యూ ఆఫీసుల్లోకి తొంగిచూడాలి. నర్సీపట్నం రెవెన్యూ డివిజన్ కేంద్రమే గనక అలాంటి ఆఫీసు ఇక్కడే ఉంది. పూర్వపు మద్రాసు రాష్ట్రం నుంచి మనకు సంక్రమించిన ఆస్తుల్లో టాటెన్‌హామ్ పద్ధతి ఒకటి. టాటెన్‌హామ్ అనే ఇంగ్లీషు అధికారి పేరుతో చలామణీ అయిన దఫ్తరు నిర్వహణ శాస్త్రమది. దాని ప్రకారం ఆఫీసుకొచ్చిన ప్రతి కాగితానికీ నంబరు పడాలి, ప్రతి గుమాస్తాకీ ఒక పర్సనల్ రిజిస్టరు ఉండాలి, ఏ కాగితం ఏ రోజు ఎవరి దగ్గరికి వెళ్లిందో అందులో ఎక్కాలి. జవాబు రాని ఉత్తరాలకు ఎప్పుడు తాకీదు పంపాలో చూసుకోవడానికి రిమైండర్ డైరీ. నెలనెలా, ఏటేటా పంపాల్సిన నివేదికలకు పీరియాడికల్ రిజిస్టరు. ఇప్పట్లో కదలవని తేలిన ఫైళ్లకు కాల్ బుక్కు. ఆరు నెలల దాకా ఏ చర్యా అక్కర్లేదని తోచిన ఫైలుని అందులో పడుకోబెడతారు. ముగిసిన ఫైలుకైనా ఊరికే టిక్కు కొట్టి వదలరు, ఎన్నేళ్లు దాచాలో బట్టి ఎల్.డిస్., డి.డిస్., ఆర్.డిస్. అంటూ ముద్ర వేస్తారు. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. ఇన్‌బాక్సు తపాళ్ల బుట్ట. టాస్కుల పట్టిక పర్సనల్ రిజిస్టరు. ప్రతి నెలా తిరిగొచ్చే అపాయింట్‌మెంటు పీరియాడికల్ రిజిస్టరు. స్నూజ్ అచ్చంగా కాల్ బుక్కు, కాకపోతే ఆరు నెలల నిద్రని రెండు వారాలకు కుదించారు. పరీక్షలు రాసి, ఇంటర్వ్యూలు దాటి, ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం వద్దనుకుని సాఫ్ట్‌వేర్లోకి వెళ్లిన కుర్రాడు, తెలియకుండానే తన సొంత జీవితానికి తానే గుమాస్తాగా చేరాడు. జీతం కూడా లేదు.

అయితే టాటెన్‌హామ్ దొరగారి పద్ధతిలో ఉండి ఔట్‌లుక్‌లో లేనిది ఒకటుంది: తనిఖీ. పర్సనల్ రిజిస్టరుని పై అధికారి తెప్పించుకుని చూస్తాడు, ఫలానా కాగితం ఎందుకాగిందని అంచున ఎర్ర సిరాతో అడుగుతాడు. గ్రామ లెక్కలకైతే ఏటా జమాబందీ. జమాబందీ దగ్గరపడే రోజుల్లో కరణాలు అడంగళ్లు రాసిన వేగం ఏ రిమైండరూ పుట్టించలేనిది. అది తేదీ పుట్టించిన వేగం కాదు, ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని పేజీ తిప్పబోయే మనిషి పుట్టించింది. ఇప్పటి సాక్ష్యమే కావాలంటే సోమవారం పూట కలెక్టరేటుకి వెళ్లండి. అక్కడ జరిగే అర్జీల కార్యక్రమాన్ని 2019లో స్పందన అన్నారు, 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. అర్జీ కంప్యూటర్లోకి ఎక్కుతుంది, గడువు పడుతుంది, గడువు మీరితే "బియాండ్ ఎస్‌ఎల్‌ఏ" అని తేలుతుంది. అది కూడా తెర మీద కనిపించే ఒక మాటే కదా. కానీ సమీక్షలో కలెక్టరు ఆ పట్టిక చదువుతూ శాఖ పేరు పిలిచేసరికి వెనక వరసలో కూర్చున్న అధికారికి ఫైలు సంగతి చటుక్కున గుర్తొస్తుంది. సాఫ్ట్‌వేరు అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అక్కడ చదివి అడిగే గొంతుంది. మన సొంత ఔట్‌లుక్‌లో గుమాస్తా మనమే, తాసీల్దారూ మనమే, అర్జీ పెట్టుకున్న రైతూ మనమే. ఆ ముగ్గురిలో రైతు మాట ఎప్పుడు చెల్లింది గనక?

ఇదంతా హాస్యానికి చెబుతున్నానని శాస్త్రజ్ఞులు కొట్టిపారేయకుండా వాళ్ల మాటే వాళ్లకి అప్పజెబుతాను. సగంలో ఆగిన పని మనసులో మెదులుతూనే ఉంటుందని బ్లూమా జైగార్నిక్ 1927లో రాశారు. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు దానికో కొసరు చేర్చారు: ఆ పని ఎప్పుడు, ఎలా చేస్తామో ఒక ప్రణాళిక వేసుకుంటే చాలు, పని పూర్తికాకపోయినా మనసులో ఆ రొద తగ్గుతుందట. రిమైండర్ భక్తులు దీన్ని తమకు అనుకూలంగా చదువుకుంటారు, మనసుకి హాయి కదా అని. నాకైతే తిరకాసు పుట్టే చోటే అది. మనల్ని పనిలోకి తోసేది ఆ కాస్త రొదే. దాన్ని క్యాలెండర్లో నమోదు చేసి చల్లార్చుకుంటే, మిగిలేది పదిహేను నిమిషాల ముందు మోగే గంట ఒక్కటే. దానికి మనం ఎంత భయపడతామో ముందే చూశాం.

ఇక్కడ అమెరికాలో ఉన్న నర్సీపట్నం కుర్రాళ్లు అభ్యంతరం చెబుతారు, చెప్పాలి కూడా. వాళ్లమ్మకి ఆదివారం పొద్దున్న ఫోన్ చేయాలంటే అక్కడ శనివారం రాత్రి. పైగా వాళ్ల గడియారాలు మార్చి రెండో ఆదివారం ఓ గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం ఓ గంట వెనక్కి జరుగుతాయి. మన గడియారం ఏడాదంతా ఒక్క తీరే. ఈ లెక్క మనుషులు చేస్తే ఏడాదికి రెండుసార్లు అమ్మ పూజ మధ్యలో లేవాల్సి వస్తుంది. క్యాలెండర్ సాఫ్ట్‌వేరు దీన్ని తప్పులేకుండా చేస్తుంది. ఒప్పుకుంటున్నాను, ఈ పద్దు కింద యంత్రానికి పూర్తి మార్కులు. కానీ గమనించారా, ఆ రిమైండరు పనిచేసేది అవతల అమ్మ ఎదురుచూస్తుంది కనుక. గంట సాకు మాత్రమే. ఫోన్ రాకపోతే మర్నాడు మేనత్త నుంచి వచ్చే ఫోనే అసలు రిమైండరు.

రెండో అభ్యంతరం గట్టిది. మనుషులు గుర్తుచేస్తే సాధింపు అవుతుంది, యంత్రానికి మొహమాటం లేదు, పక్షపాతం లేదు అంటారు. నిజమే. ఇంట్లో భార్య "గ్యాస్ బుక్ చేశారా?" అని మూడోసారి అడిగితే మగవాళ్లకి వచ్చే కోపం ఔట్‌లుక్ ముప్ఫయ్యోసారి అడిగినా రాదు. కోపం రానప్పుడు గ్యాసూ రాదు, అంతే తేడా. వెనక మనిషున్న గట్టి కబురుకి ఉదాహరణ వెతకడానికి ఈ ఊరివాళ్లు ఎంతో దూరం పోనక్కర్లేదు, చింతపల్లి దారి పడితే చాలు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన అల్లూరి సీతారామరాజు, ఆ తర్వాత ముందే కబురు పంపి మరీ వచ్చేవాడని ప్రతీతి. ఆ కబురునే మిరపకాయ టపా అని మన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి స్నూజ్ లేదు, డిస్మిస్ లేదు. అందుకున్న స్టేషనువాళ్లు మరిచిపోయిన దాఖలా కూడా లేదు. పంపినవాడు వచ్చి తీరుతాడని వాళ్లకి తెలుసు.

ఇక యంత్రానికి అసలు చేతకాని పని ఒకటుంది, దాని ప్రచారకులు ఆ సంగతి ఎత్తరు. మన ఇళ్లలో ఏటా తప్పకుండా గుర్తుండాల్సిన రోజు నాన్నగారి ఆబ్దికం. అది తిథిని బట్టి వస్తుంది. ఔట్‌లుక్‌లో "ప్రతి ఏటా" అని పెడితే ఇంగ్లీషు తేదీకే మోగుతుంది. చాంద్రమానం ఏడాదికి దాదాపు పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, మధ్యలో అధిక మాసం వచ్చి దాన్ని మళ్లీ ముందుకు లాగుతుంది. ఉగాదినే చూడండి: 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. 2023లోనైతే శ్రావణాలే రెండు. క్యాలెండర్ సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1998లో ఒక ప్రమాణం రాసుకున్నారు. ఇంగ్లీషు క్యాలెండరు కాని వాటికీ పునరావృతం కుదిరేలా 2015లో దానికి అనుబంధం కూడా చేర్చారు. అయినా భాద్రపద బహుళ సప్తమి అని కొడితే ఔట్‌లుక్ తెల్లముఖం వేస్తుంది. గోడకి మేకు కొట్టి తగిలించిన వెంకట్రామా వారి క్యాలెండరు ఆ సంగతి ఏ ఛార్జింగూ లేకుండా చెబుతుంది. దాని అంచున పాల లెక్క, సిలిండరు మార్చిన తేదీ, చాకలి పద్దు పెన్సిలుతో రాసి ఉంటాయి. నట్టింట్లో వేలాడుతుంది గనక ఇంటిల్లిపాదీ చదువుతారు, అత్తగారితో సహా. అదే దాని తనిఖీ విభాగం.

కాబట్టి సాఫ్ట్‌వేరు తీసి పారేయమని నేననను. అదే సాఫ్ట్‌వేర్లో సొంత పనులకి ఎవరూ వాడని గడి ఒకటుంది, ఇతరులను ఆహ్వానించేది. ఆఫీసు సమావేశాలకి మనం సమయానికి వెళ్లేది గంట మోగినందుకు కాదు, ఆ గడిలో పదిమంది పేర్లున్నందుకు. సొంత పనులకీ అందులో ఒక పేరు చేర్చండి. షుగరు పరీక్షకి భార్యని పిలవండి, ఇంటి పన్నుకి తమ్ముణ్ణి, రాస్తానన్న వ్యాసానికి సంపాదకుణ్ణి. పిలవడానికి ఎవరి పేరూ తోచని పనులకు "డిస్మిస్ ఆల్" ఉండనే ఉంది, ధైర్యంగా నొక్కండి. ఆబ్దికం తిథి మాత్రం పురోహితుడుగారినే అడగండి. ఆ సౌకర్యం ఔట్‌లుక్‌లో ఇంకా రాలేదు.