అన్‌లిమిటెడ్ గ్రాఫ్టులు, లిమిటెడ్ బాధ్యత

ముంబయి రహదారి మీద పటాన్‌చెరు మొదలుకొని సంగారెడ్డి చౌరస్తా దాకా కొత్తగా లేచిన హోర్డింగులు, ఇస్నాపూర్ షేర్ ఆటోల వెనుక అంటించిన కరపత్రాలు ఇప్పుడు కేశమార్పిడి పేరుతో ఒకే మంత్రాన్ని జపిస్తున్నాయి: ఒకే ధరకు అన్‌లిమిటెడ్ గ్రాఫ్టులు, వడ్డీ లేని వాయిదాలు, శనివారం ఆపరేషన్, సోమవారం డ్యూటీ. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం కార్ఖానాలలో మూడు షిఫ్టులూ తిరిగే యువకుడికి పర్మనెంటు ఉద్యోగం లేకపోవచ్చు, అతని ప్రావిడెంట్ ఫండు సంగతి కాంట్రాక్టరుకు తప్ప మరెవరికీ తెలియకపోవచ్చు. అయినా అతని జీవితంలోని అసలు లోటు నుదుటికి నాలుగు వేళ్ల పైన ఉందని కనిపెట్టిన ఘనత మాత్రం కూకట్‌పల్లి, చందానగర్ వైపు నుంచి ఇటుగా దయచేస్తున్న ఈ కేశోద్ధారకులకే దక్కాలి.

2025 ఏప్రిల్‌లో ఉప్పల్ భగాయత్ దగ్గర జుట్టు మొలుస్తుందని నమ్మి గుండు గీయించుకుని, నెత్తిన పేరు తెలియని రసాయనం పూయించుకోవడానికి ఎండలో బారులు తీరిన జనాన్ని చూసి నవ్వని విద్యావంతుడు లేడు. అంతకు ముందు నెలలోనే పంజాబులోని సంగ్రూర్‌లో అటువంటి శిబిరానికి వెళ్లినవారు పదుల సంఖ్యలో కళ్ల మంటలతో ఆసుపత్రి పాలయ్యారు. పూసేది ఎవరు, పూస్తున్నది ఏమిటి, ఏ అర్హతతో పూస్తున్నారు అని ఆ అమాయకులు అడగలేదని జాలిపడిన పెద్దమనుషులే, గదిలో ఏసీ, గోడకు గాజు, చేతికి కాఫీ కప్పు తగలగానే ఆ మూడు ప్రశ్నలనూ చెప్పులతోపాటు గుమ్మం దగ్గరే విడిచి లోపలికి వెళుతున్నారు. ఉప్పల్‌లో కనీసం చర్మాన్ని కోయలేదు.

అన్‌లిమిటెడ్ అన్న మాట దగ్గర కాసేపు ఆగక తప్పదు, ఎందుకంటే ఈ వ్యాపారపు తెలివితేటలన్నీ అందులోనే ఉన్నాయి. గ్రాఫ్టు అంటే తల వెనుక భాగం నుంచి, మిల్లీమీటరు లేదా అంతకన్నా తక్కువ వెడల్పున్న ‘పంచ్’ అనే గొట్టపు పనిముట్టుతో తొలిచి తీసే చర్మపు తునక. అందులో ఒకటి మొదలు నాలుగు వెంట్రుకలు కుదుళ్లతో సహా ఉంటాయి. ఇలా ఒక్కొక్కటిగా తీసే పద్ధతిని ఎఫ్‌యూఈ అని, వెనుక చర్మాన్ని పట్టీగా కోసి కుట్టువేసి, ఆ పట్టీని బల్ల మీద తునకలుగా విడదీసే పాత పద్ధతిని ఎఫ్‌యూటీ అని అంటారు. వెనుక వెంట్రుకలనే తీయడానికి కారణం, అవి బట్టతలకు దారితీసే పురుష హార్మోనుకు అంతగా లొంగకపోవడం, మరో చోట నాటినా ఆ స్వభావాన్ని వదలకపోవడం. న్యూయార్కు చర్మవైద్యుడు నార్మన్ ఓరెంట్రైచ్ 1959లో ప్రచురించిన వ్యాసం ఈ విషయాన్ని స్థిరపరిచింది. అంటే ఈ శస్త్రచికిత్సలో కొత్త వెంట్రుక ఒక్కటి కూడా పుట్టదు, ఉన్నదే చోటు మారుతుంది.

అన్‌లిమిటెడ్ భోజనం అని బోర్డు పెట్టిన హోటలు యజమాని తన గంగాళంలోని అన్నం వడ్డిస్తాడు గనుక ఆ బోర్డుకు కొంత గుండె ధైర్యమైనా కావాలి. క్లినిక్కు వడ్డించేది మాత్రం భోక్త సొంత తలలోంచి తోడినదే. ఆ తలలో ఎంత ఉందో లెక్క ఉంది. తల వెనుక చదరపు సెంటీమీటరుకు సుమారు 65 నుంచి 85 వరకు ఇటువంటి కుదుళ్ల గుంపులు ఉంటాయి. వాటిలో సగం దాటి తీస్తే వెనుక పలచబడటం కంటికి తెలిసిపోతుంది. ఈ లెక్కన చాలామంది పురుషుల తలలు జన్మకంతా కలిపి ఇవ్వగలిగింది 5,000, 6,000 గ్రాఫ్టుల ప్రాంతంలో ఉంటుంది, కొందరివి అంత కూడా ఇవ్వలేవు. నడినెత్తితో సహా ఖాళీ అయిన 200 చదరపు సెంటీమీటర్ల మేరను, చదరపు సెంటీమీటరుకు 40 చొప్పున నింపాలన్నా 8,000 గ్రాఫ్టులు కావాలి. తల ఇవ్వలేనిదాన్ని కరపత్రం ఇస్తానంటున్నదన్న మాట! ఇవ్వగలిగినదాన్ని మించి తోడితే వెనుక భాగం చిమ్మెటలు కొట్టిన ఉన్నిగుడ్డలాగా మిగులుతుంది, దాన్ని పూడ్చడానికి మరో తల దొరకదు.

పైగా ఈ పథకానికి మొదటి గిరాకీ ఇరవై మూడేళ్ల కుర్రవాళ్లే. పురుషుల బట్టతల ఏ వరుసలో విస్తరిస్తుందో 1975లో ఓటార్ నార్‌వుడ్ ఏడు దశలుగా వర్గీకరించాడు. ఇరవై మూడేళ్లవాడు రెండో దశలో ఆగుతాడో ఆరో దశకు చేరుతాడో ఆ వయసులో తేల్చి చెప్పడం కష్టం. అలాంటివాడికి పెళ్లిచూపుల తొందరలో నుదుటి మీద కిందికి గీత గీసి, ఉన్న నిల్వంతా అక్కడే గుచ్చేస్తే, నలభై ఏళ్లకు ముందు భాగంలో ఒక వెంట్రుకల వరండా, దాని వెనుక ఖాళీ మైదానం మిగులుతాయి. మందులతో ముందు రాలడాన్ని నిలిపి చూద్దాం, ఒక ఏడాది ఆగు అని చెప్పే వైద్యుడు ఆ రోజు సంపాదన వదులుకుంటాడు. కరపత్రాలలో అటువంటివాడి ఫొటో కనిపించకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

గ్రాఫ్టుకు ఇంత అని లెక్కగట్టే పాత పద్ధతిలోనూ నిజాయితీ ఎక్కువ లేదు, ఎందుకంటే రెండు వెంట్రుకల తునకను రెండుగా చీలిస్తే ఒక్కటి రెండవుతుంది, బిల్లు మాత్రం పెరుగుతుంది, వెంట్రుకలు పెరగవు. బోర్లా పడుకున్న రోగి తన వీపు వెనుక జరిగే లెక్కను ఎలా సరిచూడగలడు? విచిత్రమేమంటే ఈ రోగులలో చాలామంది మందుల కార్ఖానాలలో పనిచేసేవారు, డ్రమ్ములోకి దిగే ప్రతి కిలో పొడికీ బ్యాచ్ రికార్డులో ‘డన్ బై’, ‘చెక్డ్ బై’ అని ఇద్దరి సంతకాలు లేనిదే తరువాతి మెట్టు ఎక్కనివ్వని క్రమశిక్షణలో ఏళ్లతరబడి మసలినవారు. తూకం వేసినవాడు వేరు, సరిచూసినవాడు వేరు అని ఒక మాత్ర విషయంలో ఇంత పట్టుబట్టే మనిషి, తన నెత్తి మీద వేలాది రంధ్రాలు తొలిచే పనికి ఒక్క సంతకమైనా అడగడం లేదు.

2019 మార్చిలో ముంబయిలో 43 ఏళ్ల వ్యాపారి ఒకరు ఒకే విడతలో 9,000కు పైగా గ్రాఫ్టులు వేయించుకుని, ఆ తరువాత ప్రాణాలు కోల్పోయారు. అన్‌లిమిటెడ్‌కు దేశంలో దొరికే ఉదాహరణ అదే, దాన్ని ఏ హోర్డింగు మీదా వేయరు.

వ్యంగ్యం ఇక్కడితో చాలు. ఈ ఆపరేషనులో ప్రాణం మీదికి వచ్చేది కత్తి వల్లనే కాదు, మత్తు సూది వల్ల కూడా. తల మొద్దుబారడానికి ఇచ్చే లిగ్నోకెయిన్‌కు ఒక పరిమితి ఉంది: అడ్రినలిన్ కలిపి ఇచ్చినప్పుడు శరీర బరువులో కిలోకు 7 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి అది 420 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం ద్రావణంలో 21 మిల్లీలీటర్లు మాత్రమే. ఎనిమిది, పది గంటలు సాగే పనిలో మొద్దుబారినతనం తగ్గినప్పుడల్లా మళ్లీ మళ్లీ సూది గుచ్చుతూ, ఎంత లోపలికి వెళ్లిందో ఎవరూ రాసుకోకపోతే, ముందు నాలుక మొద్దుబారుతుంది, చెవుల్లో గుయ్యిమంటుంది, తరువాత ఫిట్స్ వస్తాయి, చివరికి గుండె ఆగుతుంది. దానికి విరుగుడుగా రక్తనాళంలోకి ఎక్కించే 20 శాతం కొవ్వు ద్రావణం ఆ గదిలో ఉండాలి, దాన్ని ఎప్పుడు ఎక్కించాలో తెలిసిన మనిషి ఉండాలి. కాఫీ యంత్రం కొన్నవారు ఇవి కొన్నారా?

2016లో చెన్నైలో కేశమార్పిడి చేయించుకుని మరణించినవాడు స్వయంగా వైద్య విద్యార్థి. కాన్పూరులో నెలల వ్యవధిలో ఇద్దరు ఇంజనీర్లు ఇదే చికిత్స తరువాత చనిపోతే, 2025లో పోలీసులు ఒక దంతవైద్యురాలిపై కేసు పెట్టారు. రెండో మృతుని కుటుంబం పోలీసుల చుట్టూ తిరిగి కేసు పెట్టించాకే మొదటి మరణం బయటికి వచ్చింది. జుట్టు లేకపోవడం ఏ ఒక్కరినీ చంపలేదు. జబ్బు కానిదానికి చికిత్స చేస్తామని ఆరోగ్యవంతుణ్ణి పడుకోబెట్టి శవాన్ని అప్పగించడానికి ‘కాంప్లికేషన్’ అని పేరు పెట్టి, సమ్మతి పత్రంలో చిన్న అక్షరాలు చూపించడం కన్నా సిగ్గుమాలిన పని వైద్యం పేరుతో జరిగేవాటిలో అరుదు.

నియమాలు లేవా అంటే కొల్లలుగా ఉన్నాయి. వర్క్‌షాపులోనో యూట్యూబులోనో చూడటం కేశమార్పిడి మొదలుపెట్టడానికి చాలిన శిక్షణ కాదని జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలలో రాయవలసి వచ్చింది. ఒక దేశపు వైద్య నియంత్రణ సంస్థ ఈ వాక్యాన్ని అచ్చులో పెట్టవలసి రావడమే పరిస్థితికి కొలమానం. అదే సంవత్సరం చివరలో భారత దంతవైద్య మండలి, నోరు, దవడల శస్త్రచికిత్సలో పీజీ చేసినవారు కేశమార్పిడి కూడా చేయవచ్చని ప్రకటించింది, చర్మవైద్యులు కాదన్నారు. ఆ రెండు వర్గాలు వాదించుకుంటున్నంతసేపూ పంచ్ పట్టుకున్నది రెండు వర్గాలకూ చెందని టెక్నీషియనే. 1945 నాటి ఔషధ నియమాలలోని జె షెడ్యూలు, నయం చేస్తామని ఏ మందుకూ చెప్పుకోకూడని వాటి జాబితాలో బట్టతలను అంధత్వం పక్కనే చేర్చింది. మందు సీసా మీద రాయకూడని మాట ఇరవై అడుగుల హోర్డింగు మీద వెలిగిపోతోంది, ఎందుకంటే అది మందు కాదు, ‘ప్యాకేజీ’.

ఈ ప్రాంతానికి ప్రత్యేకంగా తయారుచేసిన మరో దగా ఉంది: పటాన్‌చెరు బోరు నీళ్ల వల్లనే బట్టతల వస్తుందని క్లినిక్కుల కౌన్సెలర్లు చెబుతారు. పురుషుల బట్టతలకు మూలం వంశపారంపర్యం, హార్మోను. కఠిన జలం వెంట్రుకను పెళుసుగా మార్చవచ్చుగాని కుదురును చంపదు. ఈ నీళ్ల మీద ఇక్కడివారికి నిజమైన ఫిర్యాదు ఉంది. పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు, అంటే ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువగా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికి అటువంటి నీరు అనువైన చోటు. ఆ అన్యాయం గురించి ఏనాడూ నోరెత్తనివారు దాన్నే పెట్టుబడిగా వాడుకుని జుట్టు అమ్ముతున్నారు, ఆపరేషను తరువాత ఇన్ఫెక్షన్ వస్తే ఏ మందు పనిచేస్తుందన్న ప్రశ్న మాత్రం కౌన్సెలింగులో రాదు.

సోమవారం డ్యూటీ సంగతి ఇంకా తమాషా. నాటిన గ్రాఫ్టులు గట్టిగా కుదురుకోవడానికి తొమ్మిది, పది రోజులు పడుతుంది. ఈలోగా హెల్మెట్ లేనిదే సెక్యూరిటీవాడు కార్ఖానా గేటు దాటనివ్వడు. నాటిన వెంట్రుకలు కూడా కొద్ది వారాలలో రాలి, మూడు నాలుగు నెలలకు మొలకెత్తి, పూర్తి ఫలితం చూపేసరికి ఏడాది గడుస్తుంది; వాయిదా మాత్రం వచ్చే నెల ఒకటో తారీఖునే మొలకెత్తుతుంది.

సర్జన్‌ను ఎంచుకోవడం పెద్ద విద్య కాదు. చర్మవైద్యంలోనో ప్లాస్టిక్ సర్జరీలోనో పీజీ పట్టా, దానికితోడు ఈ పనిలో శిక్షణ ఉన్నాయేమో చూడాలి; తెలంగాణ వైద్య మండలిలో ఆ పేరు, ఆ నంబరు నమోదై ఉన్నాయో లేదో సరిపోల్చుకోవాలి; క్లినిక్కుకు క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద జిల్లా అధికారులు ఇచ్చిన రిజిస్ట్రేషన్ గోడ మీద ఉందో లేదో చూడాలి. ఆ తరువాత అడగవలసినవి అడగాలి: నుదుటి గీత గీసేది, రంధ్రాలు తొలిచేది, నాటడానికి చీలికలు పెట్టేది ఎవరు, మత్తు మందు మోతాదు ఎక్కడ రాస్తారు, ఫిట్స్ వస్తే ఎవరు పరుగెత్తుకొస్తారు, పదేళ్ల తరువాత జుట్టు ఇంకా రాలితే వెనుక ఎంత మిగిల్చి ఉంచుతారు. జవాబుగా ‘అన్నీ సార్ చూసుకుంటారు, ముందు అడ్వాన్సు కట్టండి, ఈ ఆఫర్ రేపటిదాకానే’ అని కౌన్సెలర్ అంటే, కాఫీ పూర్తిచేసి లేచి రావడానికి ఏ మొహమాటమూ అక్కరలేదు.