నింటెండో లేని జపాన్

2023 మార్చి 23న వాషింగ్టన్‌లో సెనేట్ ఫైనాన్స్ కమిటీ ముందుకు అమెరికా వాణిజ్య ప్రతినిధి క్యాథరిన్ తాయ్ వచ్చారు. దేశాల మధ్య వ్యాపారం గురించి పెద్దవాళ్లు పెద్ద ప్రశ్నలు వేసే చోటు అది. అక్కడ సెనేటర్ మారియా కాంట్‌వెల్ వీడియో గేముల ఊసెత్తారు. జపాన్‌లో హై ఎండ్ గేమ్ మార్కెట్ 98 శాతం సోనీ గుప్పిట్లో ఉందట. గేమ్ కంపెనీలకు డబ్బులిచ్చి ఆటలన్నీ తన ప్లేస్టేషన్‌కే కట్టేసుకుంటోందట. జపాన్ ఫెయిర్ ట్రేడ్ కమిషన్‌కు ఇదేమీ పట్టడం లేదట. ఈ అన్యాయానికి బలైపోతున్న దిక్కులేని పక్షి మైక్రోసాఫ్ట్. కాంట్‌వెల్ గారు గెలిచింది వాషింగ్టన్ రాష్ట్రం నుంచి; మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న రెడ్మండ్ ఆ రాష్ట్రంలోనే ఉంది. అప్పటికి ఏడాదికి పైగా ఆ దిక్కులేని కంపెనీ 6,870 కోట్ల డాలర్లు పెట్టి, ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ తయారుచేసే యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను కొనే ప్రయత్నంలో ఉంది. ఇవన్నీ కాకతాళీయమని నమ్మగలిగిన సాధుజీవులు చదవడం ఇంతటితో ఆపేయవచ్చు.

98 అనగానే బుర్ర ఆ అంకె దగ్గరే ఆగిపోతుంది, దాని పక్కనున్న ‘హై ఎండ్’ అనే రెండు ముక్కల మీదికి చూపు పోదు. కిటుకంతా అక్కడే ఉంది. ఆ మార్చి నాటికి జపాన్‌లో అమ్ముడైన నింటెండో స్విచ్‌లు రెండున్నర కోట్లు ఎప్పుడో దాటేశాయి. పసిపిల్లల నుంచి పండు ముసలి వరకు అందరినీ కలుపుకున్నా ఆ దేశంలో ఐదుగురికి ఒకటి చొప్పున ఉన్నట్టు. ప్లేస్టేషన్ 5 అప్పటికి ముప్పై లక్షల చుట్టుపక్కల ఉంది. రెండింటినీ ఒక పద్దులో రాస్తే ఈ భయంకర గుత్తాధిపతి వాటా పదో వంతు దగ్గర తేలుతుంది. అలా రాయకూడదు కాబట్టి ‘హై ఎండ్’ అనే గీత ఒకటి గీశారు. దేశమంతా ఆడుకుంటున్న మిషన్ ఆ గీత అవతల పడింది; లోపల మిగిలింది సోనీ, మైక్రోసాఫ్ట్ ఇద్దరే. రాత్రికి రాత్రి పొలం గట్టు జరిపి, తెల్లారగానే సర్వేయర్‌ను పిలిపించే ఆసామి మనకు కొత్తేం కాదు. కాకపోతే మన ఆసామి తన చెక్క పెరగడానికి జరుపుతాడు. రెడ్మండ్ వారిది అంతకంటే పెద్ద తెలివి. పక్కవాడిది వంద ఎకరాలుగా, తమది రెండు సెంట్లుగా కనిపించేట్టు జరిపారు. ఓదార్పు రావాల్సింది రెండు సెంట్ల వాడికే కదా.

సెనేటర్ పాపం ఎవరో చెప్పింది చెప్పారు, కంపెనీకి ఏం సంబంధం అంటారా? ఒక నెల వెనక్కి వెళ్దాం. 2023 ఫిబ్రవరి 21న బ్రస్సెల్స్‌లో ఈ కొనుగోలు మీద యూరప్ అధికారుల విచారణకు మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ హాజరయ్యారు. విలేకరులకు ఆయన ఇచ్చిన లెక్క ఇదీ: యూరప్‌లో సోనీ 80, తాము 20. జపాన్‌లో సోనీ 96, తాము 4. రెండూ కలిపితే వంద. క్యోటోలో 1889 నుంచి ఉన్న నింటెండో అనే కంపెనీకి ఆ వందలో ఒక్క శాతం కూడా చోటు దొరకలేదు. (తర్వాత నెలకల్లా ఆ 96 కాస్తా సెనేట్‌లో 98 అయింది. సోనీ ఆ నెలలో బాగానే అమ్ముకుందనుకోవాలి.) అయితే అదే రోజు, అదే బ్రాడ్ స్మిత్ ఇంకో శుభవార్త కూడా ప్రకటించారు. కాల్ ఆఫ్ డ్యూటీని నింటెండోకు పదేళ్లపాటు ఇస్తామని ఒప్పందం మీద సంతకాలు అయ్యాయట. తమ ఎక్స్‌బాక్స్‌లో వచ్చిన రోజే, అవే హంగులతో అక్కడా వస్తుందట. అంటే ఒప్పందం కాగితం మీద నింటెండో సాటి కన్సోల్ కంపెనీ. లెక్కల కాగితం మీద అసలు ఉనికే లేని కంపెనీ. రెండు కాగితాల మధ్య ఒక్క రోజు కూడా ఎడం లేదు.

అమెరికా కోర్టుకు వచ్చేసరికి గట్టు మళ్లీ జరిగింది. 2022 డిసెంబర్‌లో ఈ కొనుగోలును ఆపాలని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేసినప్పుడు, మార్కెట్ అంటే ‘హై పెర్ఫార్మెన్స్ కన్సోల్స్’ మాత్రమేనని రాసింది. ప్లేస్టేషన్ 5 ఉంది, ఎక్స్‌బాక్స్ ఉంది, స్విచ్ లేదు. దీనికి గట్టిగా అడ్డం తిరిగింది ఎవరనుకున్నారు, మైక్రోసాఫ్టే. నింటెండోను వదిలేసి మార్కెట్ అంటే ఎలా, కొనేవాళ్లు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకోరా అని దాని లాయర్ల వాదన. 2023 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టుకు ఇచ్చిన కాగితాల్లోనైతే కన్సోల్ యుద్ధంలో ఎక్స్‌బాక్స్ ఓడిపోయిందనీ, ఉన్న ముగ్గురిలో తమది మూడో స్థానమనీ రాసుకున్నారు. మూడో స్థానం రావాలంటే ముగ్గురు ఉండాలి. బ్రస్సెల్స్‌లో ఇద్దరే ఉన్నారు. ఆ మూడోవాడు అట్లాంటిక్ మహాసముద్రం మీద ఏ విమానం ఎక్కాడో గానీ, అవసరమైన ఒడ్డున దిగుతాడు, అక్కర్లేని ఒడ్డున మాయమవుతాడు. సోనీ అభిమానులు మరీ సంబరపడనక్కర్లేదు. నింటెండో లేని మార్కెట్ సోనీకీ కలిసొచ్చింది. ఇద్దరే ఉన్న బరిలో ఒకడు ఆయుధం కొనుక్కుంటుంటే రెండోవాడు బాధితుడే అవుతాడు. ముగ్గురున్న చోట అంత జాలి దొరకదు.

దీనికి వచ్చే జవాబు తెలిసిందే. స్విచ్ బలం తక్కువ మిషన్, చేత్తో పట్టుకు తిరిగేది, ప్లేస్టేషన్‌లో ఆడే భారీ ఆటలు చాలా వరకు దానిలో నడవవు, కాబట్టి అది వేరే జాతి అని. వినడానికి సబబుగానే ఉంది. యూరప్‌లోనో అమెరికాలోనో కొంతవరకు చెల్లుతుంది కూడా. జపాన్‌లో మాత్రం నలభై ఏళ్ల చరిత్ర దీనికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. 2004 డిసెంబర్‌లో పది రోజుల తేడాతో నింటెండో డీఎస్, సోనీ పీఎస్‌పీ వచ్చాయి. బొమ్మ చూసినా, బలం చూసినా పీఎస్‌పీదే పైచేయి. అమ్మకాల్లో డీఎస్ మూడు కోట్లు దాటింది, పీఎస్‌పీ రెండు కోట్ల దగ్గర ఆగింది. 2006లో 25,000 యెన్‌ల నింటెండో వీ (Wii), దానికి రెట్టింపు ధర పలికే ప్లేస్టేషన్ 3 ఒకే శీతాకాలంలో దుకాణాలకు వచ్చినప్పుడూ అదే కథ. డ్రాగన్ క్వెస్ట్ ఏడో భాగం ప్లేస్టేషన్ మీద వచ్చింది, తొమ్మిదో భాగం 2009లో డీఎస్ మీద వచ్చి నలభై లక్షలు దాటింది. జనం ఎక్కడుంటే ఆట అక్కడికి పోయింది. మాన్‌స్టర్ హంటర్ ఆట ప్రయాణం చూడండి: సోనీ పీఎస్‌పీలో జాతరలా సాగి, నింటెండో 3డీఎస్‌కు మారి, 2018లో ప్లేస్టేషన్ 4కు తిరిగొచ్చి, 2021లో స్విచ్‌కు వెళ్లింది. వేరే జాతులైతే ఒకే వేటగాడు ఇటూ అటూ ఇన్నిసార్లు ఎలా దూకాడు? బలాన్ని బట్టే తరగతి కట్టాలంటే, రంగుల తెరతో వచ్చి నలుపు తెలుపు గేమ్ బాయ్ చేతిలో చిత్తయిన సెగా గేమ్ గేర్‌ను కూడా చరిత్రలోకి తిరిగి పిలిచి, హై ఎండ్‌లో నువ్వే గెలిచావమ్మా అని దండ వెయ్యాలి.

సరే, గట్టు సంగతి వదిలేద్దాం. మైక్రోసాఫ్ట్‌కు జపాన్ తలుపులు మూసేశారన్న ఆరోపణైనా నిలుస్తుందా? మొదటి ఎక్స్‌బాక్స్ జపాన్‌లో 2002 ఫిబ్రవరి 22న విడుదలైంది. షిబుయాలో బిల్ గేట్స్ స్వయంగా నిలబడి అందించారు. ధర 34,800 యెన్‌లు. అప్పటికే ప్లేస్టేషన్ 2 అంతకంటే చవకకు దిగి ఉంది, పైగా దాని చుట్టూ రెండేళ్ల ఆటల గుట్ట ఉంది. అమెరికాలో ఆ పెట్టెతో వచ్చిన కంట్రోలర్‌ను చూస్తే ఆ కంపెనీ మనసు తెలుస్తుంది. రెండు చేతులా పట్టినా బొటనవేళ్లు బటన్ల దాకా సాగదీయాల్సినంత భారీది. టోక్యోలో అది చెల్లదని అర్థమై జపాన్ కోసం చిన్నది వేరుగా చేయించారు, అంతవరకు మెచ్చుకోవాలి. కానీ అమ్మకాలు మొదలైన కొద్ది రోజులకే డిస్కుల మీద గుండ్రంగా గీతలు పడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. ఆ పెట్టె ఐదు లక్షల దగ్గరే ఆగిపోయింది. రెండోసారి బుద్ధిగా కష్టపడ్డారు. ఫైనల్ ఫాంటసీ సృష్టికర్త హిరొనొబు సకగుచిని, డ్రాగన్ బాల్ చిత్రకారుడు అకిర తొరియామను కలిపి ‘బ్లూ డ్రాగన్’ చేయించారు. ఎక్స్‌బాక్స్ 360 పదహారు లక్షల దాకా వెళ్లింది. మూడోసారి ఏం చేశారు? ఎక్స్‌బాక్స్ వన్‌ను అమెరికాలో 2013 నవంబర్‌లో వదిలి, జపాన్‌కు 2014 సెప్టెంబర్ 4న పంపారు. పది నెలలు ఆగిన అతిథికి ఎవరు ఎదురెళతారు? లక్ష పైచిలుకుతో దాని కథ ముగిసింది. పదహారు లక్షల నాడూ లక్ష నాడూ జపాన్ అదే, సోనీ అదే, నిద్రపోతోందని తిట్లు తిన్న కమిషన్ కూడా అదే. మారింది అమ్మేవాడి ఓపిక ఒక్కటే.

విదేశీ సరుకు అంటే జపాన్‌వాళ్లకు పడదనేవారు టోక్యో లోకల్ రైలెక్కితే సగం చేతుల్లో ఐఫోన్లే కనబడతాయి. స్వదేశీ సరుకునైనా వాళ్లు కనికరించిన దాఖలాలు లేవు. ఎన్‌ఈసీ వాళ్ల పీసీ-ఎఫ్ఎక్స్, పానసోనిక్ అమ్మిన 3డీవో, ఆపిల్‌తో కలిసి బండాయ్ తెచ్చిన పిప్పిన్ అన్నీ అక్కడే మట్టి కరిచాయి. సెగా సంగతైతే చెప్పనే అక్కర్లేదు. అచ్చంగా టోక్యో కంపెనీ, 1983 జులై 15న నింటెండో ఫామికామ్ వచ్చిన రోజే తన ఎస్‌జీ-1000ను దింపి, అక్కడి నుంచి 2001లో చేతులెత్తేసే దాకా సొంతగడ్డ మీద ఎక్కువగా దెబ్బలే తింది. 1998లో డ్రీమ్‌కాస్ట్ వచ్చేముందు సెగా వేసిన టీవీ ప్రకటన ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు. సెగా ఉన్నతాధికారి హిదెకజు యుకావా, నటుడు కాదు, నిజంగా ఆ కంపెనీ అధికారే, వీధిలో నడుస్తుంటాడు. సెగా ఏం బాగుంటుంది, ప్లేస్టేషనే మజా అని పిల్లలు మాట్లాడుకోవడం చెవిన పడుతుంది. మనిషి కుంగిపోతాడు, తాగుతాడు, తన్నులు తిని ఇంటికి చేరతాడు. ఓటమిని డబ్బు పెట్టి మరీ ఊరంతా చాటుకున్న కంపెనీ అది. ఆ పిల్లల మీద విచారణ వెయ్యమని సెగా ఎవర్నీ అడగలేదు.

ఒక్క ఆరోపణ మాత్రం నిజం: సోనీ డబ్బులిచ్చి ఆటలు కట్టేసుకోవడం. ఫైనల్ ఫాంటసీ 16 మొదట ప్లేస్టేషన్ 5లోనే రావడం వెనక ఒప్పందం ఉంది, దానివల్ల ఆడేవాడికి నష్టమే. ఇందులో సోనీని వెనకేసుకొచ్చే పని లేదు. కానీ ఈ ఫిర్యాదు మోసుకొచ్చినవాడి చేతిలో ఏముందో కూడా చూడాలి కదా. 750 కోట్ల డాలర్లకు బెథెస్డా అనే గేమ్ కంపెనీ ఉన్న జెనీమ్యాక్స్‌ను 2021లో మొత్తంగా కొనేసి, ఆ తర్వాత ‘స్టార్‌ఫీల్డ్’ను ప్లేస్టేషన్ మెట్లెక్కకుండా విడుదల చేసింది మైక్రోసాఫ్ట్. పండు కొన్నవాడిని చెట్టు కొన్నవాడు దొంగ అంటున్నాడు. మన హైదరాబాద్ బిడ్డ, మైక్రోసాఫ్ట్ సీఈవో సత్య నాదెళ్ల 2023 జూన్‌లో అదే శాన్‌ఫ్రాన్సిస్కో కోర్టులో సాక్ష్యం చెబుతూ, తన చేతిలో ఉంటే ఇలాంటి కట్టేసుకోవడాలన్నీ ఎత్తేస్తాననీ, పెద్ద వాటా ఉన్న సోనీయే ఆ పద్ధతి పెట్టింది కాబట్టి తమకు తప్పడం లేదనీ అన్నారు. సొంత జిల్లా అభిమానం ఎంత ఉన్నా, కంపెనీలను కంపెనీలుగా కొనాల్సిన గతి ఎవరూ ఎవరికీ పట్టించరని చెప్పక తప్పదు.

జపాన్‌లో మైక్రోసాఫ్ట్‌కు అసలు చోటే లేదనడం కూడా అబద్ధం. 2014లో అది కొన్న మోజాంగ్ వాళ్ల మైన్‌క్రాఫ్ట్, స్విచ్ మీద 2018 జూన్‌లో డబ్బాగా వచ్చింది మొదలు గేమ్ పత్రిక ‘ఫామిత్సు’ వారపు అమ్మకాల పట్టికలో ఏళ్ల తరబడి కూర్చుని లేవడం లేదు. ముప్పై లక్షల డబ్బాలకు పైగా జపాన్‌లోనే అమ్ముడయ్యాయి. అంటే ఏ మిషన్‌ను మార్కెట్‌లో లేదన్నారో ఆ మిషన్ మీదే రెడ్మండ్‌కు జపాన్ పిల్లల పాకెట్ మనీ వారం వారం చేరుతోంది. ఇక సోనీ కొమ్ము కాస్తోందని సెనేట్ సాక్షిగా తిట్లు తిన్న జపాన్ ఫెయిర్ ట్రేడ్ కమిషన్, కాంట్‌వెల్ గారి ప్రసంగం అయిన ఐదో రోజున, మార్చి 28న, తన తీర్పు బయటపెట్టింది. యాక్టివిజన్‌ను మైక్రోసాఫ్ట్ కొనుక్కోవడం వల్ల జపాన్‌లో పోటీకి భంగమేమీ లేదు, నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు అని. మరుసటి నెలలో బ్రిటన్ కాదంది. అమెరికా సొంత కమిషన్ కోర్టుకు ఈడ్చింది. ఆ వసంతంలో అడ్డు చెప్పకుండా సరేనన్న వాటిలో టోక్యో ఒకటి. దానికి కృతజ్ఞత చెబుతూ సెనేట్‌లో ఎవరైనా లేచినట్టు రికార్డుల్లో కనబడదు.