మూడో ఓనరు

మానుకోటలో ఒక మిర్చి వ్యాపారి. అతనికి చిన్న పెట్రోలు కారుంది. సీజన్లో ములుగు, ఏటూరునాగారం, వెంకటాపురం వైపు తోటల చుట్టూ తిరగాలి. ఆ దారుల్లో గోదావరి ఇసుక లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటాయి. నలుగురు కూర్చుని ఏసీ వేస్తే ఆ కారు లారీని దాటదు. మూడో గేరుకు దించి, పెడలు అదిమి, సగం దాటాక ఎదురుగా బస్సు కనబడితే మళ్లీ లారీ వెనక్కే రావాలి.

2024 దసరాకు బండి మార్చాలనుకున్నాడు. సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ చాలు, ఇంజన్ మాత్రం బలంగా ఉండాలి.

ఈ తరగతి బండ్లన్నీ నాలుగు మీటర్ల లోపే ఉంటాయి. 2006 బడ్జెట్‌లో చిన్న కార్లకు ఎక్సైజు సుంకం తగ్గించినప్పుడు గీసిన హద్దు అది. దానితోపాటు పెట్రోలు ఇంజన్‌కు 1200 సీసీ, డీజిల్‌కు 1500 సీసీ అని ఇంకో హద్దు. ఆ రాయితీ పోకుండా బలం రావాలంటే కంపెనీలకు టర్బోయే దిక్కయింది. వ్యాపారి ఇదంతా చదివాడు. పాత బ్రెజా డీజిల్ 90 హార్స్ పవర్, టార్క్ 200. నెక్సాన్ డీజిల్ 110, 260. ఎక్స్‌యూవీ 300 డీజిల్ 117, 300. మిర్చి లెక్కల పుస్తకంలో వరసగా రాసుకుని మూడో దాని కింద గీత గీశాడు. 2020 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో దానికి ఐదు నక్షత్రాలు వచ్చాయి. అదీ పక్కన రాసుకున్నాడు.

అలాంటిది భూపాలపల్లిలో ఒకటి ఉందని తెలిసింది. టీఎస్ 25 నంబరు, 2019 సెప్టెంబరు రిజిస్ట్రేషన్, తిరిగింది నలభై ఒక్క వేల కిలోమీటర్లు. అమ్మేది సింగరేణిలో చేసి రిటైరైన పెద్దాయన. చెప్పిన ధర ఏడు లక్షల పాతిక వేలు. వ్యాపారి బామ్మర్ది జనగామలో మెకానిక్. ఇద్దరూ హన్మకొండలో కలుసుకుని, పరకాల మీదుగా బస్సులో భూపాలపల్లికి చేరారు.

మేము వచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని మెకానిక్ ఫోన్లోనే చెప్పాడు. వచ్చీ రాగానే బానెట్ మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగానే ఉంది. స్టార్ట్ చేయించి సైలెన్సర్ వెనక నిలబడ్డాడు. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు, నల్ల పొగ వస్తే డీజిల్ సరిగా మండనట్టు. ఏ పొగా లేదు. ఇంజన్ నడుస్తుండగానే ఆయిల్ మూత తీశాడు. ఆవిరి ఎగదన్నలేదు. టర్బో పైపుల అతుకుల దగ్గర వేలితో రాసి చూశాడు. తడి లేదు. హ్యాండ్ బ్రేక్ వేసి, మూడో గేరులో క్లచ్ వదిలాడు. ఇంజన్ టక్కున ఆగిపోయింది. క్లచ్ జారడం లేదన్న మాట.

“ఇంజన్ మంచిగున్నది బావా,” అన్నాడు.

“నడిపి చూసి రాండ్రి,” అని పెద్దాయన తాళంచెవి ఇచ్చాడు. ఆయన బండి ఎక్కలేదు.

చెల్పూరు దాకా పోయి వచ్చారు. ముందు బొగ్గు టిప్పర్ కనబడింది. వ్యాపారి మూడో గేరులోనే పెడలు తొక్కాడు. సూది పదిహేను వందలు దాటేసరికి బండి ముందుకు దూకింది. టిప్పర్ వెనకబడిపోయింది. మళ్లీ అద్దంలో చూసుకున్నాడు.

మెకానిక్ తన బెల్టు పెట్టుకున్నాడు. “నువ్వు గూడ పెట్టుకో బావా.”

“ఐదు నక్షత్రాల బండిరా ఇది.”

“గా టెస్టుల కూసోబెట్టిన బొమ్మలకు బెల్టులు పెట్టిన్రు.”

“మనం బొమ్మలమా?”

గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేసే పరీక్ష అది. అందులో బొమ్మలు బెల్టుతోనే ఉంటాయి. ఎయిర్‌బ్యాగును కూడా బెల్టుకు తోడుగానే తయారుచేస్తారు.

2019 జులై 1 తర్వాత తయారైన కార్లలో ముందు కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే బీప్ మోగాలి. ఈ బండి మోగలేదు. మెకానిక్ వంగి చూశాడు. డ్రైవర్ సీటు పక్కన బకిల్‌లో ఉత్త క్లిప్పు ఒకటి దిగేసి ఉంది. వేలెడంత ఇనుప ముక్క, దానికి బెల్టు లేదు. బెల్టు పెట్టుకున్నారని కారును నమ్మించడానికి తప్ప దేనికీ పనికిరాదు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఈ క్లిప్పుల అమ్మకం ఆపమని ఐదు ఆన్‌లైన్ అంగళ్లను ఆదేశించింది. అప్పుడు తీసేసిన ప్రకటనలే 13,118.

“సప్పుడు లేదు, మంచిగనే ఉన్నది,” అన్నాడు వ్యాపారి.

తిరిగొచ్చాక మెకానిక్ ముందు భాగం చూశాడు. ఎడమ హెడ్‌లైట్ మీద 2019 ముద్ర ఉంది. కుడి దాని మీద 2023. బానెట్ బోల్టుల పెయింట్ లేచిపోయి ఉంది.

“ముందల తాకిందా కాకా?”

“తాకింది. రేగొండ కాడ రాత్రిపూట ఆగున్న లారీ. దానికి లైట్లు గూడ లేవు.”

“ఇంజన్‌కేమన్న అయిందా?” అన్నాడు వ్యాపారి.

“ఏం గాలే.”

“క్యాబిన్‌కు?”

“ఏం గాలే. డోర్లు చేతులతోనే తెరుచుకున్నయట. బ్యాగులు రెండూ పేలినయి, కొత్తయి ఏయించిన.”

“గట్టి బండి,” అన్నాడు వ్యాపారి. మూడో ప్రశ్న అడగలేదు. గుద్దుకున్న బండి కాబట్టి ముప్పై వేలు తగ్గించాలన్నాడు. పెద్దాయన తగ్గించాడు.

కాగితాలు తెచ్చారు. మెకానిక్ ఆర్సీ చూశాడు. బండి మొదట ఇంకొకరి పేరున ఉంది, 2023లో పెద్దాయన పేరు మీదికి మారింది. ఇంటిపేరు ఒకటే. ఫైల్లో ఫారం 31 జిరాక్సు ఉంది. ఓనరు చనిపోతే వారసుడు బండిని తన పేరున రాయించుకునే ఫారం అది. దాని కింద ఇంకో కాగితం ఉంది. మెకానిక్ దాన్ని సగం చదివి, ఫైలు మూసి బావకు ఇచ్చాడు.

వ్యాపారి రెండు కాగితాలూ చూశాడు. “అంటే నేను మూడో ఓనర్ను గదా కాకా?”

“అంతే బిడ్డా.”

“మూడో ఓనరంటే రేపు నేను అమ్మినా రేటు రాదు.”

ఇంకో ఇరవై వేలు తగ్గింది. ఆరు లక్షల డెబ్బై అయిదు వేలకు బేరం కుదిరింది.

డబ్బు లెక్క పెడుతుంటే మెకానిక్ మెల్లగా అడిగాడు. “బండి బాబే ఎంచుకున్నడా కాకా?”

“వాడే. నాలుగు బండ్లు చూసిండు. ఇసుక లారీలను దాటాలంటే గీ ఇంజనే గావాలన్నడు.”

ఫారం 29, ఫారం 30 మీద సంతకాలయ్యాయి. పెద్దాయన రెండు తాళంచెవులు, సర్వీసు పుస్తకం, జాకీ, పానాలు అన్నీ అప్పజెప్పాడు. చివరికి డ్రైవర్ సీటు డోరు తీసి, వంగి, బకిల్‌లోంచి ఆ క్లిప్పు పీకి జేబులో వేసుకున్నాడు.

“అది గూడ బండిదే గదా కాకా?” అన్నాడు వ్యాపారి.

“కాదు బిడ్డా. ఇది మావానిది.”

కాలనీ దాటకముందే బీప్ మొదలైంది. వ్యాపారి బండి పక్కకు ఆపి, బెల్టును వీపు వెనకనుంచి తీసి బకిల్‌లో పెట్టాడు. బీప్ ఆగింది. కాస్త దూరం పోయాక నడుముకు ఒత్తుతోందని తీసేశాడు. మళ్లీ మోగింది.

“పెట్టుకుంటే మోగది గద బావా,” అన్నాడు మెకానిక్.

వ్యాపారి మాట్లాడలేదు. ముందు ఇసుక లారీలు రెండున్నాయి. రెండింటినీ ఒకే ఊపున దాటాడు. రేగొండ దాటింది.

పరకాలలో కారు సామాన్ల దుకాణం ముందు బండి ఆపాడు. మెకానిక్ దిగలేదు.

“బెల్టు క్లిప్పు ఉన్నదా?”

దుకాణదారు కౌంటర్ కిందినుంచి ఒకటి తీసి పెట్టాడు. “నూటయాభై.”

వ్యాపారి నూటయాభై ఇచ్చాడు. బేరమాడలేదు.